ఉలికి, చిత్రిక బ్లేడుకి ఏ గ్రైండింగ్ వీల్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

చెక్కపని మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఒకరికి చెప్పిన జవాబే ఇంకొకరికి మళ్లీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వీల్ కొనే ముందు వచ్చేవి, బిగించేటప్పుడు వచ్చేవి, నూరేటప్పుడు వచ్చేవి, భద్రతకి సంబంధించినవి అని విడదీశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనే ముందు

నాకు అసలు గ్రైండర్ అవసరమా? సానరాయి మీదే నూరుకుంటే సరిపోదా?

అంచు బాగుండి కాస్త మొండిబారిన ఉలికి సానరాయి చాలు. అంచు పెచ్చు ఊడినా, కోణం మార్చాలన్నా, ఏళ్లు నూరి నూరి వాలు (కొన దగ్గరి ఏటవాలు భాగం) గుండ్రంగా అయిపోయినా రాయి మీద గంటలు పడుతుంది. అదే పని వీల్ మీద కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. వీల్ చేసేది ఆకారం తేవడం వరకే. చివరి పదును మాత్రం రాయి మీదే రావాలి.

గ్రైండర్‌తో పాటు వచ్చిన బూడిద రంగు వీల్ వాడకూడదా?

వాడవచ్చు, కానీ కష్టపడతారు. ఆ వీల్‌ని మామూలు ఇనుప పనుల కోసం తయారుచేస్తారు. వెల్డింగ్ చేసిన చోట గరుకు తీయడానికి, బోల్టు చివర నున్నగా చేయడానికి అది మంచిదే. అందులోని బూడిద రంగు అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు సులువుగా విరగకుండా పటిష్ఠంగా ఉంటాయి, వాటిని పట్టి ఉంచే బంధకం కూడా గట్టిది. రేణువు మొద్దుబారినా ఊడిపోదు. మొద్దు రేణువు ఉక్కుని కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. రుద్దితే పుట్టేది వేడే.

వేరే వీల్ కొనే వీలు ఇప్పుడు లేకపోతే దాన్నే తరచుగా డ్రెస్ చేస్తూ (అంటే పై పొర గీకి తీసేసి కొత్త రేణువులు బయటికొచ్చేలా చేస్తూ), చాలా తేలికగా తాకిస్తూ పని నడిపించుకోండి. గ్రైండర్‌కి ఒకవైపు వీల్ మార్చే అవకాశం ఉంటే మాత్రం ముందు ఆ మార్పు చేయండి.

తెల్లది, గులాబీది, నీలిది, ఆకుపచ్చది ఉన్నాయి. రంగు చూసి కొనొచ్చా?

రంగు ఒక గుర్తు మాత్రమే. తెల్లది శుద్ధమైన అల్యూమినియం ఆక్సైడ్. దాని రేణువు పెళుసుగా ఉండి సులువుగా విరుగుతుంది, విరిగినప్పుడల్లా కొత్త పదునైన కొన బయటికొస్తుంది. ఉలి ఉక్కుని ఇది చల్లగా కోస్తుంది. గులాబీది కూడా అదే పదార్థం, కొంచెం క్రోమియం ఆక్సైడ్ కలుస్తుంది. అది తెల్లదానికంటే కాస్త గట్టిగా నిలుస్తుంది. నీలం రంగులో వచ్చేవాటిలో సిరామిక్ రేణువు కలిపినవి ఉంటాయి, అవి బాగా పనిచేస్తాయి. అయితే రంగు వేసిన మామూలు వీల్స్ కూడా ఉంటాయి కాబట్టి లేబుల్ చదవకుండా నమ్మకండి.

ఆకుపచ్చది సిలికాన్ కార్బైడ్. అది కార్బైడ్ (ఉక్కుకంటే చాలా గట్టి పదార్థం) ముక్క అతికించిన పనిముట్లకి పనికొస్తుంది, మామూలు ఉలి ఉక్కుకి కాదు. ఆకుపచ్చ రంగు చూసి ముచ్చటపడి కొనుక్కుని, ఉలికి సరిగ్గా పనిచేయడం లేదని బాధపడినవాళ్లని చూశాను.

వీల్ మీద రాసిన ఆ అంకెలు, అక్షరాలు ఏంటి? నాకేమీ అర్థం కావడం లేదు.

కొంచెం ఓపిక పడితే చాలు, ఆ ఒక్క లైను చదవడం వస్తే దుకాణంలో ఎవరి సలహా అక్కర్లేదు. ఉదాహరణకి 38ఎ 80 కె 8 వి అని ఉందనుకోండి.

ముందున్న 38 తయారీదారు తన రేణువు రకానికి పెట్టుకున్న సొంత సంఖ్య. 'ఎ' అంటే అల్యూమినియం ఆక్సైడ్, అదే చోట 'సి' ఉంటే సిలికాన్ కార్బైడ్. 80 అంటే గ్రిట్, అంటే రేణువు సైజు. ఈ సంఖ్య పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది.

తర్వాత వచ్చే అక్షరం గ్రేడ్. ఇంగ్లీషు అక్షరాల వరుసలో 'ఎ' అన్నిటికంటే మెత్తనిది, 'జెడ్' అన్నిటికంటే గట్టిది. ఇక్కడ మెత్తదనం అంటే రేణువు మెత్తగా ఉండటం కాదు, బంధకం ఆ రేణువుని ఎంత తేలిగ్గా వదిలేస్తుందన్నది. 8 అనేది నిర్మాణం, రేణువుల మధ్య ఖాళీ ఎంతన్నది. ఈ సంఖ్య పెద్దదైతే ఖాళీ ఎక్కువ, ఇనుప పొట్టుకి చోటు దొరుకుతుంది, వేడి తగ్గుతుంది. చివరి 'వి' అంటే మట్టిపాత్రలా కాల్చి చేసిన విట్రిఫైడ్ బంధకం. 'బి' అంటే రెజిన్, 'ఆర్' అంటే రబ్బరు.

ఉలికి, చిత్రిక బ్లేడుకి నేను చూసేవి: 'ఎ' రకం, 60 నుంచి 80 గ్రిట్, హెచ్ నుంచి కె మధ్య గ్రేడ్, 8 లేదా అంతకంటే ఎక్కువ నిర్మాణం, విట్రిఫైడ్. లేబుల్ మీద గ్రేడ్ అక్షరమే లేని వీల్‌ని నేను కొనను.

ఎంత గ్రిట్ తీసుకోవాలి? సన్నది తీసుకుంటే పదును బాగా వస్తుంది కదా?

చాలామంది ఇలాగే అనుకుంటారు, కానీ జరిగేది వేరు. సన్న రేణువు ఒక్కోసారి తక్కువ ఉక్కు తీస్తుంది, ఎక్కువసేపు తాకించాల్సి వస్తుంది, పొట్టు త్వరగా ఇరుక్కుంటుంది. అంచు కాలడానికి అవే కారణాలు. పెచ్చు ఊడిన అంచు సరిచేయడానికి 46, రోజూ పనికి 60 లేదా 80 చాలు. లేత్ మీద చెక్క చెక్కేవాళ్లు తమ పనిముట్టుని వీల్ మీంచి నేరుగా చెక్కకి పెడతారు కాబట్టి 80 నుంచి 120 దాకా వెళ్తారు. ఒక్కటే కొనాలంటే 80 తీసుకోండి.

మెత్తటి వీల్ తొందరగా అరిగిపోతుంది కదా? డబ్బు దండగ కాదా?

అరుగుతుంది. అరగాలి కూడా. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా ఎంపికలన్నీ వాటంతటవే తేలికవుతాయి.

వీల్ మీద ప్రతి రేణువూ ఒక చిన్న ఉలి లాంటిదే. కోసేకొద్దీ మొండిబారుతుంది. మెత్తటి వీల్‌లో, మొండిబారిన రేణువు మీద ఒత్తిడి పెరగ్గానే బంధకం దాన్ని వదిలేస్తుంది, కింద ఉన్న కొత్త రేణువు పైకొస్తుంది. గట్టి వీల్ ఆ ముసలి రేణువుని పట్టుకునే ఉంటుంది, మనమేమో కోయడం లేదని ఇంకా గట్టిగా నొక్కుతాం. అప్పుడే ఉలి కొన నీలం తిరుగుతుంది.

అందుకే గట్టి ఉక్కుకి మెత్తటి వీల్, మెత్తటి ఇనుముకి గట్టి వీల్ అంటారు. వినడానికి తిరగేసినట్టు ఉంటుంది గానీ కారణం ఇదే, గట్టి ఉక్కు రేణువుని త్వరగా మొండి చేస్తుంది కాబట్టి అది త్వరగా రాలిపోవాలి. ఇంట్లో వారానికి రెండు మూడు సార్లు వాడేవాళ్లకి కె గ్రేడ్ వీల్ ఏళ్ల తరబడి వస్తుంది. పాడైన ఒక మంచి ఉలి విలువతో పోల్చి చూసుకోండి.

6 అంగుళాలదా, 8 అంగుళాలదా?

మీ గ్రైండర్ ఏది పడుతుందో అదే. కొత్తగా గ్రైండర్ కొనేవాళ్లకైతే 8 అంగుళాలు మంచిది. పెద్ద చక్రం వాలులో తక్కువ గుంట చేస్తుంది, నెమ్మదిగా అరుగుతుంది. వెడల్పు కూడా చూడండి. 20 మిల్లీమీటర్ల వీల్ మీద 2 అంగుళాల చిత్రిక బ్లేడుని సమంగా కదిలించడం చేయి తిరిగినవాళ్లకే వస్తుంది. 25 మిల్లీమీటర్లు ఉంటే నయం, 40 ఉంటే హాయి.

స్లో స్పీడ్ గ్రైండర్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు గ్రైండర్ నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది, స్లో స్పీడ్‌ది అందులో సగం. 8 అంగుళాల వీల్ అంచు వేగం మొదటిదాంట్లో సెకనుకి దాదాపు 30 మీటర్లు, రెండోదాంట్లో 15 మీటర్లు. తప్పు చేసినప్పుడు సర్దుకోవడానికి స్లో స్పీడ్ ఇంకొంచెం సమయం ఇస్తుంది, అంతే. సరైన వీల్ ఉన్న వేగం గ్రైండర్, తప్పు వీల్ ఉన్న స్లో గ్రైండర్ కంటే చల్లగా కోస్తుంది. డబ్బు పరిమితంగా ఉంటే ముందు వీల్ మీద పెట్టండి.

సీబీఎన్ వీల్ గురించి అందరూ చెబుతున్నారు. అంత ఖరీదు పెట్టొచ్చా?

సీబీఎన్ అంటే క్యూబిక్ బోరాన్ నైట్రైడ్. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రాబర్ట్ వెంటార్ఫ్ 1957లో దీన్ని తయారుచేశాడు. కాఠిన్యంలో వజ్రానికి దగ్గరగా వచ్చే పదార్థం. ఉక్కు లేదా అల్యూమినియం చక్రం అంచుకి ఈ రేణువులను ఒక పొరగా అతికిస్తారు. చక్రం వ్యాసం మారదు, డ్రెస్సింగ్ అక్కర్లేదు, దుమ్ము తక్కువ, పగిలి ముక్కలయ్యే భయం లేదు.

హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్, వేడిని బాగా తట్టుకునే ఉక్కు) లేత్ పనిముట్లు రోజూ నూరేవాళ్లు పెట్టిన డబ్బు వృథా కాదు. చక్రం సైజు మారదు కాబట్టి జిగ్ (పనిముట్టుని ఒకే కోణంలో పట్టి ఉంచే సాధనం) ఒకసారి సర్దితే అదే కోణం ఎప్పుడూ వస్తుంది, ఇది చాలా పెద్ద సుఖం. నెలకి రెండు ఉలులు నూరేవాళ్లకి మంచి తెల్ల వీల్ చాలు.

రెండు జాగ్రత్తలు. మెత్తటి ఇనుము, ఇత్తడి, అల్యూమినియం దానికి తాకించకండి, రేణువుల మధ్య పూడిపోతుంది. గట్టిబరచిన ఉక్కు మాత్రమే పెట్టండి. ఉక్కుతో చేసిన సీబీఎన్ చక్రం బరువు ఎక్కువ, కాబట్టి చిన్న మోటారు దాన్ని తిప్పగలదో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

వజ్రం ఇంకా గట్టిది కదా, డైమండ్ వీల్ తీసుకుంటే పోలా?

వేగంగా తిరిగే గ్రైండర్ మీద ఉక్కుకి వద్దు. వజ్రం కార్బన్, వేడెక్కిన ఇనుము కార్బన్‌ని లాక్కుంటుంది. అందుకే ఉక్కు మీద డైమండ్ రేణువు త్వరగా అరిగిపోతుంది. కార్బైడ్ పనిముట్లకి మాత్రం అదే సరైనది. చేత్తో నూరే డైమండ్ ప్లేటులో ఆ స్థాయి వేడి పుట్టదు కాబట్టి దాని మీద ఉక్కు నిశ్చింతగా నూరుకోవచ్చు.

నీళ్లలో నెమ్మదిగా తిరిగే వీల్ కొంటే అసలు కాలే బెడదే ఉండదు కదా?

నిజమే, ఉండదు. నిమిషానికి 90 చుట్ల దగ్గర తిరిగే తడి చక్రం మీద అంచు కాల్చడం ఎవరివల్లా కాదు. కొత్తవాళ్లకి మనశ్శాంతి. బదులుగా పని నెమ్మదిగా సాగుతుంది, పెచ్చు ఊడిన అంచు సరిచేయాలంటే చాలాసేపు నిలబడాలి. పని అయ్యాక నీళ్ల తొట్టి తప్పకుండా ఖాళీ చేయండి. చక్రం కింది భాగం రాత్రంతా నీళ్లలో నానితే ఒకవైపు బరువెక్కి మర్నాడు ఎగుడుదిగుడుగా తిరుగుతుంది.

## బిగించేటప్పుడు

కొత్త వీల్ రంధ్రం షాఫ్ట్ కంటే పెద్దగా ఉంది. తప్పుది వచ్చిందా?

తప్పు కాకపోవచ్చు. చాలా వీల్స్ పెద్ద రంధ్రంతో వస్తాయి, వేర్వేరు షాఫ్ట్‌లకి సరిపడే ప్లాస్టిక్ బుష్‌లు పెట్టుకోవాలి. బుష్ వదులుగా ఉంటే చక్రం మధ్యలో కూర్చోదు. వీల్ షాఫ్ట్ మీదకి సునాయాసంగా జారాలి, కానీ కదలకూడదు. బిగుతుగా ఉందని సుత్తితో కొట్టి ఎక్కించకండి. లేబుల్ మీద ఉన్న గరిష్ఠ చుట్ల సంఖ్య మీ మోటారు వేగం కంటే తక్కువ ఉంటే ఆ వీల్‌ని వెనక్కి ఇచ్చేయండి.

బిగించే ముందు వీల్‌ని కొట్టి చూడమంటారు. ఎందుకు?

పగులు కంటికి కనిపించకపోయినా చెవికి తెలుస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా, అదే పద్ధతి. రంధ్రంలో వేలు దూర్చి వీల్‌ని వేలాడదీసి, చెక్క పిడితో పక్క భాగం మీద తేలిగ్గా తట్టండి. పైనుంచి 45 డిగ్రీల దగ్గర రెండువైపులా, తర్వాత వీల్ తిప్పి మళ్లీ తట్టాలి. ఖంగుమని మోగితే మంచిది. డబ్‌మని చచ్చుగా వినిపిస్తే ఆ వీల్‌ని అసలు బిగించకండి. వీల్ పొడిగా ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి, విట్రిఫైడ్ వీల్స్‌కే ఇది నమ్మదగినది.

రెండువైపులా అంటించిన కాగితం బిళ్లలు పీకేయొచ్చా?

వద్దు. ఫ్లాంజ్ (వీల్‌ని పక్కనుంచి బిగించి పట్టే లోహపు బిళ్ల) ఒత్తిడి రాయి మీద అంతటా సమంగా పడేలా చూసేవి అవే. పీకేస్తే ఎత్తుగా ఉన్న ఏదో ఒక్క చోట ఒత్తిడి పడి పగులు రావచ్చు.

నట్ ఎంత తిప్పినా ఊడటం లేదు. ఎటు తిప్పాలి?

గ్రైండర్‌కి ఎదురుగా నిలబడితే కుడివైపు నట్‌కి మామూలు మర, ఎడమవైపు నట్‌కి తిరగేసిన మర. అంటే ఎడమవైపు నట్‌ని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే ఊడుతుంది. తిరిగేటప్పుడు నట్ దానంతటదే వదులు కాకుండా అలా చేస్తారు. తిరిగి బిగించేటప్పుడు బలమంతా వాడకండి, వీల్ జారకుండా ఉండేంత చాలు.

బిగించాక గ్రైండర్ బల్లంతా వణుకుతోంది.

వీల్ గుండ్రంగా లేదన్నమాట. ముందు డ్రెస్సర్‌తో (వీల్ పై పొర గీకే పనిముట్టు) చక్రం ముఖాన్ని, అంటే ఉలి తాకే అంచుని, గుండ్రంగా చేయండి, ఎక్కువసార్లు వణుకు అక్కడితోనే పోతుంది. పోకపోతే నట్ వదులు చేసి, ఫ్లాంజ్‌ని కొద్దిగా తిప్పి మళ్లీ బిగించి చూడండి. రేకుని నొక్కి చేసిన చవక ఫ్లాంజ్‌లు వంకరగా ఉంటాయి, వాటి బదులు లేత్ మీద చేసినవి పెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

## నూరేటప్పుడు

అంచు నీలంగా మారిపోయింది. నా ఉలి పోయినట్టేనా?

ఉలి మొత్తం పోలేదు. నీలం తిరిగినంత మేర పోయింది.

మామూలు కార్బన్ ఉక్కు ఉలిని గట్టిబరిచాక 200 డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూ వేడి చేసి టెంపర్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గిస్తారు. మళ్లీ అంతకంటే ఎక్కువ వేడి తగిలితే గట్టిదనం తగ్గుతుంది. ఎంత వేడి తగిలిందో రంగే చెబుతుంది: లేత గడ్డి రంగు 220 డిగ్రీల దగ్గర, గోధుమ రంగు 255 దగ్గర, నీలం 300 దగ్గర. గడ్డి రంగుకి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. నీలం వస్తే ఆ భాగం ఇక పదును నిలుపుకోదు, నాలుగు దెబ్బలకే అంచు మడత పడుతుంది. రాయి మీద రుద్దితే నీలం రంగు పోతుంది గానీ మెత్తబడిన ఉక్కు అలాగే ఉంటుంది. చాలామంది అక్కడే మోసపోతారు. మెల్లగా, చల్లారుస్తూ, ఆ భాగం దాటేదాకా నూరి తీసేయడమే దారి.

నేను మొదట్లో ఒక అరంగుళం ఉలిని ఇలాగే కాల్చాను. తొందరలో నీలాన్ని తీస్తూ మళ్లీ కాల్చాను. అలా మూడుసార్లు. ఆ ఉలి ఇప్పుడు మిగతావాటికంటే పొట్టిగా ఉంటుంది. తొందర ఉన్నరోజు వీల్ దగ్గరికి వెళ్లకూడదని అది చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

హెచ్ఎస్ఎస్ సంగతి వేరు. అది 500 డిగ్రీలు దాటినా గట్టిదనం నిలుపుకుంటుంది, నీలం కనిపించినా కంగారు పడకండి.

మాటిమాటికీ నీళ్లలో ముంచాలా?

కార్బన్ ఉక్కునైతే ముంచండి, వేడెక్కాక కాదు, వేడెక్కక ముందే. ఉలి కొన దగ్గర వేలు పెట్టి పట్టుకోండి, వేలికి వెచ్చగా తగలగానే ముంచాలి. ఇంకో చిన్న చిట్కా: ముంచి తీశాక ఉలి మీద మిగిలిన నీటి చుక్కని తుడవకుండా నూరండి, అంచు దగ్గర ఆ తడి ఆరిపోతుంటే మళ్లీ ముంచే వేళైందని అర్థం. హెచ్ఎస్ఎస్‌ని బాగా వేడెక్కాక నీళ్లలో ముంచితే అంచులో సన్నటి పగుళ్లు రావచ్చు, గాలికి చల్లారనివ్వండి.

వీల్ ముఖం నల్లగా మెరుస్తోంది, కోయడం లేదు. పాతబడిందా?

పాతబడలేదు, పూడుకుపోయింది. ఇనుప పొట్టు రంధ్రాల్లో ఇరుక్కుంటే నల్లబడుతుంది, రేణువులు మొండిబారితే అద్దంలా మెరుస్తుంది. రెండింటికీ మందు డ్రెస్సింగే. పై పొర తీసేస్తే కింద కొత్త రేణువులు ఉంటాయి. నేను నూరడం మొదలుపెట్టే ప్రతిసారీ రెండు మూడు సార్లు డ్రెస్సర్ పోనిస్తాను. వీల్ వృథా అవుతోందని అనుకోవద్దు.

ఏ డ్రెస్సర్ కొనాలి?

ఇంగ్లీషు 'టి' అక్షరం ఆకారంలో ఉండి ముఖమంతా డైమండ్ రేణువులు పొదిగినది. పట్టుకోవడం తేలిక, చక్రం ముఖం చదునుగా వస్తుంది. నక్షత్రం చక్రాల డ్రెస్సర్ ముఖాన్ని బాగా గరుకుగా వదులుతుంది, వేగంగా కోయడానికి అది మంచిదే గానీ మెత్తటి వీల్‌ని ఎక్కువగా తినేస్తుంది. ఒకటే కొన డైమండ్‌ది గైడ్ ఉంటేనే బాగా పనిచేస్తుంది.

కొంతమంది చక్రం ముఖాన్ని మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా డ్రెస్ చేస్తారు. అప్పుడు ఒకసారికి చిన్న చోటే తగులుతుంది, వేడి తగ్గుతుంది, వెడల్పు బ్లేడు మూలలు కాలవు. నాకు ఇది బాగా నచ్చిన పద్ధతి.

వాలు లోపలికి గుంటగా వస్తోంది. అంచు బలహీనపడదా?

5 మిల్లీమీటర్ల మందం ఉలిని 25 డిగ్రీలకి నూరితే వాలు పొడవు దాదాపు 12 మిల్లీమీటర్లు. 6 అంగుళాల వీల్ అందులో చేసే గుంట లోతు సుమారు 0.24 మిల్లీమీటర్లు, 8 అంగుళాలది 0.18. ఇంత తక్కువే. అయితే సరిగ్గా కొన దగ్గర కోణం 6 అంగుళాల వీల్‌తో 4, 5 డిగ్రీలు, 8 అంగుళాలదానితో మూడున్నర డిగ్రీలు తగ్గుతుంది. రాయి మీద 30 డిగ్రీలకి రెండు మూడు సార్లు రుద్దితే ఆ బలహీనత పోతుంది.

గుంట వల్ల లాభం కూడా ఉంది. వాలు పైనా కిందా రెండు గీతల్లోనే రాయికి తగులుతుంది కాబట్టి జిగ్ లేకుండానే ఉలి స్థిరంగా కూర్చుంటుంది, నూరాల్సిన ఉక్కు కూడా తక్కువ. సుత్తితో గట్టిగా కొట్టి తొలిచే ఉలులకి మాత్రం గుంట తక్కువ ఉండటమే మేలు.

అంచు దాకా పూర్తిగా నూరేయాలా?

రోజువారీ పదునుకైతే వద్దు. అంచుకి వెంట్రుకవాసి పాత మెరుపు మిగిలి ఉండగానే ఆపండి. అన్నిటికంటే పల్చటి చోటే త్వరగా కాలుతుంది, ఆ కాస్తా సానరాయికి వదలండి. పెచ్చు ఊడిన అంచు అయితే ముందు ఉలిని వీల్‌కి నేరుగా పెట్టి కొనని మొద్దుగా, సమంగా చేసుకోండి. ఆ తర్వాత వాలు నూరండి. మందంగా ఉన్న కొన వేడిని తట్టుకుంటుంది.

వీల్ పక్క భాగం చదునుగా ఉంది. దాని మీద నూరితే గుంట రాదు కదా?

మామూలు వీల్ ముఖం మీద పడే ఒత్తిడికే తయారైంది, పక్కనుంచి నొక్కితే పగలవచ్చు. పక్క మీద నూరడానికి చేసిన వీల్స్ వేరే ఉంటాయి. చదును కావాలంటే రాయి వాడండి.

## భద్రత

కళ్లద్దాలు పెట్టుకుంటే చాలదా? ఇంకేం చూడాలి?

పనిముట్టు ఆనించే రెస్ట్‌కి, వీల్‌కి మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎక్కువ ఉంటే సన్న ఉలి అందులోకి దూరి వీల్‌ని పగలగొట్టగలదు. పైనున్న రక్షణ రేకుకి, వీల్‌కి మధ్య 6 మిల్లీమీటర్లు దాటకూడదు. వీల్ అరిగేకొద్దీ ఈ రెండూ దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఏది జరిపినా వీల్ ఆగాకే.

స్విచ్ వేసేటప్పుడు పక్కకి నిలబడి, కొత్త వీల్ అయితే ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వండి. చేతి తొడుగులు వద్దు, తిరిగే చక్రం వాటిని లాగేస్తుంది. ముక్కుకి మాస్క్ పెట్టుకోండి. పూర్వం ఇసుకరాతి చక్రాల మీద పొడిగా నూరిన షెఫీల్డ్ (కత్తుల తయారీకి పేరున్న ఇంగ్లండ్ నగరం) పనివాళ్లు ఆ ధూళికే ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులో చనిపోయారు. ఈ రోజుల్లో వీల్ పదార్థం మారింది గానీ ధూళి ధూళే.

వీల్ కింద పడింది, పైకి ఏమీ కనిపించడం లేదు. వాడొచ్చా?

నేనైతే వాడను. తట్టి చూసినప్పుడు మోగినా, లోపల సన్నటి పగులు ఉండవచ్చు. సెకనుకి 30 మీటర్ల వేగంతో తిరిగే రాయి మీ ముఖానికి ఎదురుగా ఉంటుంది. దాన్ని సుత్తితో రెండు ముక్కలు చేసి పారేయండి, ఇంకెవరూ తీసి బిగించకుండా.